ఆరోగ్య ప్రశ్నోత్తరములు: బౌలరు నడుము

ప్రశ్న: నాకు 17 ఏండ్లు. కుడిచేతి ఫాస్ట్ బౌలరును. మూడు వారములుగా నడుమునకు ఎడమవైపు, వెనుకకు వంగినపుడు నొప్పి పొడుచుచున్నది. డైక్లోఫెనాక్ మాత్ర వేసికొని ఆడుచున్నాను. ఆదివారము ఫైనల్. ఇంతకంటె బలమైన మాత్ర తెలుపగలరా?

జవాబు: తెలుపజాలను, నాయనా. నీ లేఖలో మాత్రకంటె స్పష్టముగా నాకు కనబడినది, ఒక్క మ్యాచ్ మానినచో నీ స్థానము మరియొకనికి పోవునన్న దిగులు. ఆ దిగులు నేనెరుగనిది కాదు. కాని బంతి విడుచు క్షణమున నీ వెన్ను వెనుకకు వంగి, ప్రక్కకు ఒరిగి, మెలితిరుగుచుండగా, ముందుకాలు నేలను తాకిన అదురు శరీరభారమునకు పెక్కురెట్లై పైకి ప్రాకును. ఓవరు వెంట ఓవరుగా ఈ తాకిడి పడుచుండినచో, ఇంకను ముదురని నీ ఎముకలో, అడుగు వెన్నుపూస వెనుకనుండు సన్నని భాగము మాటిమాటికి వంచిన తీగవలె అలసి చిట్లవచ్చును. కుడిచేతి బౌలరునకు అది తరచు ఎడమవైపుననే చిట్లును. మాత్ర ఆ చీలికను అతుకదు. చీలిక పెరుగుచున్న సంగతి నీకు తెలియనీయదు. దుకాణములో అడిగినంతనే దొరకుటచే మన పిల్లలు దానిని చక్కెరబిళ్ళవలె మ్రింగుచున్నారు! ఎండలో చెమటోడ్చి నీరింకిన దేహమున అది మూత్రపిండములను దెబ్బతీయగలదు, జీర్ణాశయమున పుండు పుట్టింపగలదు. ఎవరు చెప్పిరి నీకు ఈ వైద్యము?

ఆదివారము ఆడవలదు. ఎముకల వైద్యునికి చూపుము. తొలిదశలో చీలిక ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చును గనుక ఆయన ఎం.ఆర్.ఐ. కోరవచ్చును. 1973లో వెస్టిండీస్ పర్యటనలో ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలరు డెన్నిస్ లిల్లీ వెన్ను ఇట్లే చిట్లెను. ఆయన ఆట మాని, ఓపికతో దేహమును తిరిగి నిలుపుకొని, 1974-75 యాషెస్‌లో 25 వికెట్లు తీసెను. నీకింకను 17 ఏండ్లే.

ప్రశ్న: పరుగెత్తునపుడు నడుమునకు బెల్టు కట్టుకొనవచ్చునా?

జవాబు: వైద్యుడు చెప్పనిదే వలదు.

ప్రశ్న: కబడ్డీ ఆడుదును. దినమునకు 200 సిట్-అప్‌లు తీయుదును, పొట్టపై పలకలు తేలినవి. అయినను పట్టుపడినపుడెల్ల మోకాలు మెలిపడుచున్నది. ఇంకెన్ని తీయవలెను?

జవాబు: ఒక్కటియు అక్కరలేదు. అద్దమునకు కనబడు కండ వేరు, నడుమును నిలుపు కండ వేరు. కడుపు లోతున పట్టీవలె చుట్టుకొన్న కండరము, చేయి కదలుటకు ముందే బిగిసి వెన్నును కాచును. నడుమునొప్పి కలవారిలో అది ఆలస్యముగా మేల్కొనును. కూతలో ప్రత్యర్థి లాగినపుడు మొండెము ఒరిగినచో, ఆ భారమంతయు మోకాలిపై పడును. ముందు మోకాలిని వైద్యునికి చూపుము. పిదప, చేతులు మోకాళ్ళు నేలకాన్చి, కుడిచేతిని, ఎడమకాలిని చాపి, నడుముపై నీళ్ళగ్లాసు నిలిపి, చుక్క తొణకకుండ, ఊపిరి బిగబట్టక 10 సెకండ్లుండుము. తరువాత ఎడమచేయి, కుడికాలు. గ్లాసు ఎటు ఒరుగునో నాకు వ్రాయుము.