తాండవ తీరాన పాయకరావుపేట

విశాఖపట్నము నుండి అన్నవర సత్యదేవుని దర్శనమునకు పోవు యాత్రికులకు తాండవ నది మీది వంతెన సుపరిచితమే. వంతెనకు ఆవల కాకినాడ జిల్లా తుని, ఈవల అనకాపల్లి జిల్లా పాయకరావుపేట. ఎన్నో మారులు ఆ దారిన పోయియు నేను పేటలో ఆగలేదు. గత కార్తికమున ఒక పూట ఆగితిని.

పాయకరావు పేరిట వెలసిన పేట గనుక ఊరి పేరులోనే జమీందారీ కాలపు జాడ యున్నది. చేనేతకు ఈ ఊరు పేరెన్నిక గన్నది. ఇచ్చట కొలువైన పాండురంగస్వామిని సేవించి, సమీపముననే తాండవ తీరమందున్న గోపాలపట్నమునకు పోయితిని. అచ్చటి దిబ్బలపై ప్రాచీన బౌద్ధారామముల ఇటుక కట్టడముల శిథిలములు కలవు.

ఆ ఇటుకలను చూచినంతనే పుండరీకుని కథ మనసున మెదలినది. తల్లిదండ్రుల సేవలో నున్న పుండరీకుడు వాకిట నిలిచిన స్వామికి ఒక ఇటుక వేసి, సేవ ముగియు వరకు దానిపై నిలువుమనెను. స్వామి కోపింపలేదు, నడుమున చేతులుంచుకొని నిరీక్షించెను. తన పూజకంటె తల్లిదండ్రుల సేవ ముందని స్వామియే అంగీకరించెనన్నమాట.

తూర్పు కనుమలలో పుట్టిన తాండవ పొలములను తడుపుచు వచ్చి, పెంటకోట కడ సముద్రమున కలియును. అచ్చట విశాలమైన ఇసుక తీరము, ఒడ్డున వరుస దీరిన మత్స్యకారుల పడవలు కన్నుల పండువు చేయును. అన్నము పెట్టి పోషించు ఈ నదియు మనకు తల్లియే కదా!

సాయంకాలము నదికి పోయి అరటి దొప్పలో దీపము విడిచితిని. నూనె, వత్తులు తెచ్చిన ప్లాస్టిక్ సంచి నా చేతినుండి జారి నీటబడినది. పోనిమ్మని వెనుదిరుగుచుండగా ఒక వృద్ధురాలు మోకాటి లోతు నీటిలో దిగి దానిని తీసి, “దీపం అమ్మకిచ్చావు, ఇది నువ్వే పట్టుకెళ్లు నాయనా” అని నా చేతిలో పెట్టినది. సిగ్గుతో తల వంచుకొంటిని. ఆమె పుండరీకుని కథ వినియుండెనో లేదో యెరుగను. దాని సారమును మాత్రము ఆచరించుచున్నది.

భక్త మహాశయులారా! ఈసారి వంతెన దాటునపుడు ఒక పూట పేటలో ఆగుడు. పాండురంగని దర్శించుడు. తాండవకు దీపమునే అర్పించుడు. తక్కినది వెంట తీసికొని పొండు. మనము నదికి చేయు సేవ ముగియు వరకు స్వామి ఇటుకపై నిలిచియే యుండును.