కడుపు గడబిడకు మిరపకాయను తిట్టకండి

మెల్‌బోర్న్‌లో దిగే మన తాండూరు, వికారాబాద్ పిల్లలకు అద్దె ఇల్లు, రైలెక్కే మైకీ కార్డు, పార్ట్‌టైమ్ కొలువు గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. కడుపు సంగతే ఎవరూ ఎత్తరు. నాలుగు నెలలు తిరగకముందే ఒకరికి ఉబ్బరం, ఒకరు క్లాసు మధ్యలో లేచి ఉరుకుడు, ఇంకొకరికి మూడురోజులైనా రాదు. అందరూ చేసే పని ఒక్కటే: కారం మానేస్తారు. నేనూ అదే చేసినవాణ్ని కాబట్టే చూస్తే ఒళ్లు మండుతుంది.

ముందు డాక్టర్ దగ్గరికి పోండి. ఐబీఎస్ (చికాకు పేగు జబ్బు) అని మీకు మీరే పేరు పెట్టుకోవద్దు. మలంలో రక్తం, ఊరికే బరువు తగ్గడం, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే అది వేరే జబ్బు కావచ్చు, ఆలస్యం చేయొద్దు. గోధుమ మానకముందే, గోధుమ పడని సీలియాక్ జబ్బుకు రక్తపరీక్ష చేయించుకోండి. మానేశాక చేయిస్తే జబ్బున్నా లేనట్టే రావచ్చు.

పాలు పడకపోతే లాక్టోజ్ తీసిన పాలు ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. టీ, కాఫీ రోజుకు మూడు కప్పులు దాటనీయొద్దు. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో సార్బిటాల్ ఉంటుంది, విరేచనాలున్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

ఇక అసలు దొంగ. మా ఇంట్లో ఉన్న వికారాబాద్ తమ్ముడొకడు వారం రోజులు బ్రెడ్డు, ప్యాకెట్ సూప్ తప్ప ఏమీ ముట్టలేదు. 'పథ్యమే చేస్తున్నా అన్నా, అయినా తగ్గుతలేదు' అన్నాడు. ప్యాకెట్ తిప్పి చూస్తే ఉప్పు తర్వాత ఉల్లిపొడి, ఆ వెనకే వెల్లుల్లిపొడి! బ్రెడ్డేమో గోధుమ. ఈ మూడింట్లోనూ ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలుంటాయి. చిన్నపేగు వాటిని అరిగించుకోలేదు, పెద్దపేగులో సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గాలి చేస్తాయి. మామూలు కడుపు ఓర్చుకుంటుంది, ఐబీఎస్ కడుపు నొప్పితో మెలిపెడుతుంది. కారం కూడా కొందరికి పడదు, నిజమే. కానీ ఒట్టి మిరపకాయ మీద నెపం పెట్టి ఈ ఉల్లి, వెల్లుల్లి పొడిని రోజూ మింగితే ఎట్లా తగ్గుతుంది? చిప్స్‌లో ఉంటుంది, సాసేజ్‌లో ఉంటుంది, రోస్ట్ చికెన్ మసాలాలో ఉంటుంది. ఈ పొడి వల్లే నేను రైలు మధ్య స్టేషన్లో దిగి టాయిలెట్ వెతుక్కున్న రోజులున్నాయి. ప్యాకెట్ వెనక చదవండి. మళ్లీ చెబుతున్నా, ముందు వైపు బొమ్మ కాదు, వెనక చదవండి.

ఎల్లిగడ్డ లేని పోపు ఏం పోపంటారా? ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. రెబ్బలు పెద్దవిగానే నూనెలో వేయించి తీసి పారేయండి, వాసన మిగులుతుంది. పులుసులో వేసి తర్వాత ఏరేస్తే లాభం లేదు, అప్పటికే దిగిపోతాయి. ఉల్లిగడ్డ బదులు ఉల్లికాడల పచ్చభాగం వేసుకోండి. ఇంగువ డబ్బా మీద కూడా చూడండి, చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు.

కందిపప్పు మాటెత్తితే నాకు మనసు ఆగదు. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చిన రోజు ఇక్కడ మేం పండగ చేసుకున్నాం, వండింది మాత్రం ఏదో ఊరి పప్పు. పప్పుల్లోనూ అరగని పిండిపదార్థాలుంటాయి. నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, గరిటెడుతో సరిపెట్టుకోండి. గరిటెడు! షాబాద్ బండల మీద బాసింపట్టు వేసుకుని జొన్నరొట్టె తుంచి పప్పు గిన్నెలో ముంచిన చేతికి ఆ మాట చెప్పడం నాకూ కష్టమే. అన్నం, జొన్నరొట్టె మాత్రం చాలామందికి పడతాయి.

ఈ లెక్కంతా ఈ ఊళ్లోని మొనాష్ యూనివర్సిటీ వాళ్లు రూపొందించిన ఫాడ్‌మ్యాప్ ఆహార పద్ధతిలోది. ఇలాంటివన్నీ మానేసేది రెండు నుంచి ఆరు వారాలే, ఆ తర్వాత ఒక్కొక్కటీ తిరిగి తిని ఏది పడదో పట్టుకోవాలి. ఏడాదిగా గంజి మీద బతికే మహానుభావులున్నారు, వాళ్లకు ఎవరు చెప్పారో ఆ వైద్యం!

పరీక్షల వారం కడుపు మరీ మొరాయిస్తుంది. పేగుకూ మెదడుకూ సంబంధం ఉంది, అది ఊరికే అనే మాట కాదు. అందుకే మనసుకూ కాస్త గాలి మార్పు కావాలి. ఒకప్పుడు క్షయ రోగులను గాలి కోసం మన వికారాబాద్ దగ్గరి అనంతగిరి శానిటోరియంకు పంపేవాళ్లు. ఇక్కడ అనంతగిరి లేదు, డాండెనాంగ్ కొండలున్నాయి. ఆదివారం నడిచి రండి, సంచిలో సూప్ ప్యాకెట్ మాత్రం పెట్టుకోకండి.