కొట్టుమీద కూర్చుండు విద్య

డిగ్రీ పట్టా చేతికివచ్చిన కోనసీమ యువకునకు రెండే దారులు గోచరించుచున్నవి: ఒకటి హైదరాబాదునకు, రెండవది గల్ఫునకు. తండ్రి జీవితమంతయు కూర్చుండి ఇంటిల్లిపాదిని పోషించిన కొట్టు ఆ లెక్కలో చేరదు. అది ఉద్యోగము రానివారి గతి యని పెండ్లి సంబంధములు చూచువారు సైతము తీర్మానించియున్నారు. ఈ తీర్మానము తొందరపాటని నా అభిప్రాయము.

గౌతమి దాటి మండపేట దారిని పోవువారికి తాపేశ్వరము తగులును. అచ్చట 1939 ప్రాంతమున మిఠాయి వ్యాపార మారంభించి, మడత కాజా రుచిని లోకమునకు చూపినవారు పోలిశెట్టి సత్తిరాజుగారు. మైదాపిండిని పలుచగా సాగదీసి, చుట్టగా చుట్టి, ముక్కలు కోసి, పొరలు విడివడునట్లు వేయించి, పాకములో ముంచుటయే గదా పని! కాని సెగ ఒకింత హెచ్చినచో పైపొర మాడి లోపలిది పచ్చిగా నిలిచిపోవును. పాకము ముదిరినచో రసము మడతలలోనికి దిగదు. ఈ కొలత పుస్తకమున దొరకునది కాదు, పొయ్యి దగ్గర నిలిచినవాని చేతికి మాత్రమే పట్టుబడును. పట్నముల వెంటపడక, పల్లెలోనే నిలిచి, ఒక్క వస్తువునే నమ్ముకొని, దానికి ఊరిపేరే పేరుగా సంపాదించిన ఆ వర్తకుని జీవితము వ్యాపారశాస్త్రము చదువుచున్న విద్యార్థి శ్రద్ధతో గమనింపదగినది. ఆయనతో మొదలైన సురుచి సంస్థ 2016లో 29,465 కిలోల లడ్డూతో గిన్నిస్ రికార్డున కెక్కెను. లడ్డూ బరువుకంటె నన్ను ఆకర్షించునది, ఒక తరము చేతిపని తరువాతి తరమునకు సంక్రమించుట. యజమానితోడనే మూతపడిన కొట్లు మన వీధులలో ఎన్నియో కలవు.

ఇటు కోనసీమలోనే అంబాజీపేట కొబ్బరి వర్తకుని చూడుడు. దింపు తీసిన కాయను పచ్చిగా అమ్మవలెనా, అటకమీద నెలల తరబడి నిలిపి కురిడీ చేయవలెనా యన్నది అతనికి నిత్యసమస్య. నిలిపినచో ధర పెరుగవచ్చును, పడిపోవనూవచ్చును. ఈలోపల రైతుకు, వలుపు కార్మికులకు, ఇంటి ఖర్చుకు సొమ్ము ఎచ్చటినుండియో సర్దవలెను. పెద్ద కంపెనీలలో ఈ పనులకు వేరువేరు అధికారులుందురు, ఇచ్చట ఒక్కడే. అట్లే, ఆత్రేయపురము పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది; బోర్లించిన కుండపై పిండిలో తడిపిన గుడ్డను లాగి రేకు తీయు స్త్రీల నేర్పే దానికి మూలధనము.

ఈ కొట్టు వ్యాపారమునకు రాదలచినవారు మొదట అప్పు కొరకు పరుగెత్తరాదు. ఇతరుల కొట్టులో కొంతకాలము గుమాస్తాగా కుదిరి, చిట్టా, ఆవర్జా వ్రాయుటయు, అరువు ఎవరికీయవలెనో ఎవరికీయరాదో తెలిసికొనుటయు అభ్యసింపవలెను. కొబ్బరిపై ఆసక్తి గలవారికి అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానము పొరుగుననే యున్నది. పిమ్మట ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకమును పరిశీలింపవచ్చును: తయారీ పరిశ్రమకు 50 లక్షల రూపాయల వరకు ప్రాజెక్టు అనుమతింపబడును, గ్రామీణ ప్రాంతమున సాధారణ వర్గమువారికి 25 శాతము, స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితర ప్రత్యేక వర్గములవారికి 35 శాతము సబ్సిడీ, సొంత వాటా సాధారణ వర్గమునకు 10, ప్రత్యేక వర్గములకు 5 శాతము. నియమములు మారుచుండును గావున జిల్లా పరిశ్రమల కేంద్రములో విచారించుకొనుట మేలు.

ప్రాజెక్టు రిపోర్టు వ్రాయునపుడు మనవారు తరచుగా చేయు పొరపాటొకటి కలదు. తల్లి పాకము పట్టును, భార్య పొట్లములు కట్టును, తమ్ముడు సరుకు మోయును. వీరి పద్దులో సున్న వేసి, కాగితముపై కనబడు లాభమునకు సంతోషింతురు. కుటుంబమును ప్రేమించువాడు చేయవలసిన లెక్క అది కాదు. బయటి మనిషిని పెట్టినచో ఎంత ఈయవలసివచ్చునో అంత కూలి ఇంటివారి పేర వ్రాసి, ఆపైన ఏమి మిగులునో చూచుకొనవలెను. మిగులనిచో వస్తువునైనను మార్చవలెను, ధరనైనను.