హయ్యరు దొరగారి వంశమును వెదకుట

1842వ సంవత్సరము జూలై 31వ తేదీన గుంటూరు చేరి, తరువాత పల్నాటి గురజాలలోను సేవ చేసిన హయ్యరు దొరగారిని మనము అమెరికా దొరగారందుము. ఆయన వంశమును వెదకిన, ఆయనయు అమెరికాకు వలస వచ్చిన బాలుఁడే యని తేలును.

వంశచరిత్రను వెదకువారు తెలిసిన కాలమునుండి తెలియని కాలమునకు వెనుకకు నడువవలెను. మనమును అట్లే నడుతము. 1847లో ఆయన బాల్టిమోరున వైద్యపట్టమును పొందెను. 1819లో ఇద్దరు బిడ్డలుగల యొక వితంతువును వివాహమాడెను. 1807లో నెపోలియను యుద్ధములచే ఐరోపా తల్లడిల్లుచుండఁగా, తలిదండ్రులు ఆయనను ఫిలడెల్ఫియాలోని మేనమామ యొద్దకుఁ బంపిరి. ఆయన 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణమున జన్మించెను. అమెరికాలో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ అను పేరు, జర్మనీలో యోహాన్ క్రిస్టియన్ ఫ్రీడ్రిఖ్ అగును. కావున పేరొక్కటే చూచిన చాలదు. ఊరును, తేదీయును కలసి సరిపోవలెను.

ఇందొక చిక్కు కలదు. మేనమామ యింటిపేరు వేరు గదా! తల్లి పుట్టినింటి పేరు తెలియనియెడల ఫిలడెల్ఫియా మేనమామకును హెల్మ్‌స్టెట్ మేనల్లునికిని గల సంబంధము దొరకదు.

విద్యార్థులారా, మీ తండ్రి, తాతల పేర్లు మీరు చెప్పఁగలరు. మీ అమ్మమ్మగారి పుట్టినింటి పేరేమి? ఆమె యే యూరినుండి వచ్చెను? మా తరగతిలో అడుగఁగా, చెప్పినవారు మిక్కిలి కొలఁదిమంది. నూజెండ్లలోని మన యిండ్లలో వృద్ధులే గ్రంథములు. ఈ సెలవులలోనే వారిని అడిగి, తేదీతోఁ గూడ వ్రాసికొనుఁడు. ఆలస్యమైనచో ఆ పుటలు మరల దొరకవు.