కట్ట మీద వెనక చక్రాలు

బోధన్



పాత ఫోర్ వీల్ పికప్ ఒకటి బేరమాడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వెనక డిఫరెన్షియల్‌కు లిమిటెడ్ స్లిప్ ఉందట, ఎంత బురదలో దించినా ఆగదట, అందుకే పై ధర పెట్టొచ్చని బ్రోకర్ అన్నాడట. బండి మంచిదే కావచ్చు. ఆగదన్న మాటను మాత్రం పక్కన పెట్టు.

నిజామాబాద్ టౌన్‌లో బండి నడిపినవాడివి. రుద్రూర్, కోటగిరి, వర్ని దారులు ఎండాకాలంలో చూసి ఉంటావు గానీ వానల్లో అవి వేరే దారులు. నిజాంసాగర్ 1931లో పూర్తయి కాల్వనీళ్లు పారాకే ఈ నల్లరేగడి చెరకు పొలమైంది. ఆ చెరకును చూసే 1937లో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. 2015 డిసెంబరులో అది మూతపడ్డాక చెరకు తగ్గి వరి పెరిగింది. దీంతో డ్రైవర్‌కేం పని అంటావేమో. చెరకు నరికేది చలికాలంలో, దారులు ఆరి ఉన్నప్పుడు. వరినాట్లు సరిగ్గా వానల్లో. పొలం కలియదున్నిన ట్రాక్టర్ కేజ్ వీల్స్‌తోనే తారు రోడ్డెక్కి ఫర్లాంగు దూరం బురద పరిచి పోతుంది. గట్టి వాన పడితే ఆ బురద కొట్టుకుపోతుంది. సన్నటి తుప్పర పడ్డప్పుడే ప్రమాదం. పైకి తారు రోడ్డులాగే కనబడుతుంది, బ్రేకు మీద కాలు పెట్టాక తెలుస్తుంది.

ఇక అసలు విషయం. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిస్తుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కదా. కానీ బలం మాత్రం రెంటికీ సమానంగానే ఇస్తుంది, చిక్కంతా అక్కడే. నడుమ ఒక్కచోటే కట్టిన కాడిని ఊహించుకో. ఒక ఎద్దు మోకు వదులుచేసి నిలబడితే రెండోది ఎంత లాగినా కాడి వంకర తిరుగుతుందే తప్ప బరువు కదలదు. బురదలో జారే చక్రం ఎంత తక్కువ బలం తీసుకుంటే, గట్టినేల మీదున్న చక్రానికీ అంతే అందుతుంది. ఫోర్ వీల్ వేసినా ఈ లెక్క మారదు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ బలం పంచేది ట్రాన్స్‌ఫర్ కేసు. ఇరుసు లోపల పంచేది మళ్లీ డిఫరెన్షియలే. ముందొకటి, వెనకొకటి రొంపిలో పడ్డాయంటే ఫోర్ వీల్ బండి కూడా ఉన్నచోటే కూర్చుంటుంది.

లిమిటెడ్ స్లిప్‌లో క్లచ్ ప్లేట్లు, స్ప్రింగులు ఉంటాయి. ఒక చక్రం ఒంటరిగా తిరగబోతే ప్లేట్ల రాపిడి దాన్ని పట్టి, కొంత బలాన్ని రెండో వైపుకు మళ్లిస్తుంది. ఇది బురద కోసం పుట్టింది కూడా కాదు. 1930ల్లో జర్మనీలో ఆటో యూనియన్ రేసు కార్లకు మలుపుల్లో లోపలి చక్రం ఊరికే తిరుగుతోందని ఫెర్డినాండ్ పోర్షె జెడ్‌ఎఫ్ కంపెనీ చేత చేయించాడు. దాని పట్టు కొంతమేరకే. చక్రం గాల్లోకి లేస్తే స్ప్రింగులు ఇచ్చేంత పట్టే మిగులుతుంది, నిండు లోడుకు అది చాలదు. అప్పుడు హ్యాండ్ బ్రేకు రెండు మూడు పళ్లు లాగి నెమ్మదిగా యాక్సిలరేటర్ ఇవ్వు. జారే చక్రానికి అడ్డు దొరికితే రెండోదానికి బలం పెరుగుతుంది. మన ట్రాక్టర్ డ్రైవర్లు జారే వైపు బ్రేకు పెడల్ ఒక్కటే తొక్కి బయటపడేది ఈ కిటుకుతోనే. 2020లో వచ్చిన థార్‌లో కొన్ని రకాలకు బ్రేకుతో కంప్యూటరే ఆ పని చేస్తుంది.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, అందుకే ఫోన్‌తో సరిపెట్టకుండా ఉత్తరం రాస్తున్నా. కాల్వ కట్ట మీది దారి నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటుంది. మామూలు డిఫరెన్షియల్ బండికి వెనక ఒక చక్రం జారినా రెండోది తిరగకుండా నేలను పట్టుకుని ఉంటుంది. బండి ముందుకు పోదు, పక్కకూ పోదు. లిమిటెడ్ స్లిప్ పట్టేసరికి రెండు చక్రాలూ ఒకేసారి తిరుగుతాయి. తిరిగే చక్రానికి అడ్డంగా నిలిచే పట్టు ఉండదు. వెనక భాగం వాలు ఎటుంటే అటు, అంటే కాల్వలోకి జారుతుంది. దిగబడి నిలిచిపోవడమే నయం, ట్రాక్టర్ తెచ్చి మోకు కట్టి లాగొచ్చు. కట్ట మీద రెండో గేరులో, ఫోర్ వీల్‌లో, రేజ్ ఇవ్వకుండా పో. వెనక భాగం కదిలినట్టు అనిపిస్తే కాలు మెల్లగా తియ్యి, బ్రేకు తొక్కకు. బండి ఆపడంలో లిమిటెడ్ స్లిప్ నీకు ఏ సాయమూ చేయదు. తడి ఆరిన తారు రోడ్డు రాగానే ఫోర్ వీల్ తీసెయ్యి, లేకపోతే మలుపుల్లో షాఫ్టులు బిగుసుకుంటాయి.

నన్నడిగితే ఆ పై ధర టైర్లకు పెట్టు. గుండు టైర్లకు ఏ డిఫరెన్షియలూ పట్టు తేలేదు. మంచి టైరు గాడిలో కూడా రేగడి నిండితే అదీ గుండు టైరే. వెనక రెండూ ఒకే సైజు, ఒకే అరుగుదల, ఒకే గాలి ఉండాలి. తేడా ఉంటే తిన్నని రోడ్డు మీద కూడా ప్లేట్లు రాసుకుని అరిగిపోతాయి. హౌసింగ్‌లో లిమిటెడ్ స్లిప్‌కని అమ్మే ఆయిలే పోయించు. మామూలు గేర్ ఆయిల్ పోస్తే మలుపు తిరిగేటప్పుడు వెనక గరగరలాడుతుంది.

అడ్వాన్స్ ఇచ్చేముందు పరీక్ష చెయ్యి. చదును నేల మీద ముందు చక్రాలకు రెండువైపులా రాళ్లు పెట్టి, ఫోర్ వీల్ తీసి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు వదిలి, వెనక ఒక్క చక్రం జాకీతో లేపు. చేత్తో తిప్పి చూడు. బిగువుగా కదిలితే ప్లేట్లు బతికున్నాయి. తేలిగ్గా గిర్రున తిరిగితే అవి అరిగిపోయాయి, లేదా లిమిటెడ్ స్లిప్పే లేదు. తనంతట తాను లాక్ పడే ఈటన్ రకానికి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. చక్రాల వేగంలో గట్టి తేడా వస్తేనే అది పడుతుంది, చేత్తో తిప్పితే మామూలుదానిలాగే తిరుగుతుంది. జాకీ మీదున్నప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి గేరు వేసి చూద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోకు. నేల మీదున్న చక్రం తోసిందంటే బండి జాకీ మీంచి దూకుతుంది.

ఆదివారం బండిని బోధన్‌కే తెమ్మను. జాకీ మన దగ్గరుంది. రాళ్లు నేను చూసిపెడతా. మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మామ