సెల్లినీ కొనబోతున్న అల్లుడికి

జహీరాబాద్



నువ్వు పంపిన సెల్లినీ వాచీ ఫొటో కొట్టు మూసేముందు చూశాను. రోలెక్స్ అంటే ఇలా ఉంటుందా అని నీ ఆఫీసువాళ్ళు అన్నారని చిన్నబుచ్చుకోకు. వాళ్ళకు తెలిసినవి సబ్‌మెరీనర్, డేట్‌జస్ట్. 1926లో నీళ్ళు చొరని ఆయిస్టర్ కేసు చేసి ఆ కంపెనీ సంపాదించిన పేరంతా వాటిదే. ఆ పేరు చాటున, అదే కంపెనీ చేసిన సన్నని బంగారు వాచీలు చాలామంది కంట పడలేదు. ఇటలీ స్వర్ణకారుడు బెన్వెనుతో సెల్లినీ పేరు మీద 1960ల చివర్లో మొదలైన వరుస అది. 2014లో దాన్ని ఆటోమేటిక్ వాచీలతో కొత్తగా తీర్చారు. 2023లో పర్పెచువల్ 1908 వరుస వచ్చాక సెల్లినీ పేరే కేటలాగు నుంచి పోయింది.

నా ఓటు మాత్రం పాతవాటికే, కీ ఇచ్చేవాటికే. ఆటోమేటిక్ వాచీలో మిషను మీద తిరిగే బరువు ఒకటి ఉంటుంది కాబట్టి కేసు మందంగా చేయక తప్పదు. కీ ఇచ్చే వాచీకి ఆ బరువు అక్కర్లేదు, చొక్కా చేతి కిందికి సులువుగా జారిపోతుంది. హుమ్నాబాద్ నుంచి ఒక పెద్దమనిషి అలాంటిది సర్వీసింగుకు తెచ్చారు. వెనక మూత తీసి, బల్ల మీదున్న హెచ్‌ఎంటీ జనతా పక్కన పెట్టి చూశాను. 1961లో సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ జనతాకు ఇచ్చిన మిషను గట్టిది, మొండిది, దాని మీద నాకు ఇప్పటికీ గౌరవమే. సెల్లినీలోనూ అదే పని: స్ప్రింగు విప్పుకుంటుంది, చక్రాలు తిరుగుతాయి, బ్యాలెన్సు ఊగుతుంది. కానీ అంత తక్కువ చోటులో! ఆ సన్నదనం కోసం పనివాడు పడ్డ కష్టం భూతద్దంలో తప్ప కనిపించదు.

మన వైపు ఇవి అరుదు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు రాడో తెచ్చారు, సీకో తెచ్చారు. బంగారు వాచీ ఉన్న ఇళ్ళలో కూడా తాత పోయాక దాన్ని కంసాలి తూకానికి వేశారు. కేసు కరిగిపోతే మిషను ఒక్కటే కాగితంలో చుట్టుకుని నా దగ్గరికి వస్తుంది, దీనికేమైనా వస్తుందా అని అడుగుతారు. బంగారం ధర పెరిగిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. నువ్వు కొంటానంటే నాకు సంతోషం అందుకే. ఒకటి కరగకుండా నిలుస్తుంది.

ఇక కొనే సంగతి. ముందు డయల్ చూడు. ముంబైలో పాత డయళ్ళకు కొత్త రంగు వేసి, అక్షరాలు మళ్ళీ అచ్చువేసే పని ఏళ్ళ తరబడి సాగుతోంది. మన హైవే మీదుగా అలాంటివి ఎన్నో వచ్చాయి, నా చేతుల మీదుగానూ పోయాయి. కిరీటం గుర్తు మొద్దుబారినా, ఆరు దగ్గర సన్నగా ఉండాల్సిన 'స్విస్' మాట లావుగా అలుక్కున్నా వదిలెయ్. కొన్ని సెల్లినీల డయల్ మీద బట్ట నేతలాంటి గీతలుంటాయి, వాటి మీద రంగు పడితే ఆ నేత పూడిపోతుంది. కాలంతో కాస్త పసుపెక్కిన అసలు డయల్ నాకు వెయ్యి రెట్లు మేలు.

తర్వాత కేసు. పాలిష్ పట్టిన బంగారు కేసు పొట్టు తీసిన ఆలుగడ్డే, ప్రతిసారీ ఇంత మందం పోతుంది. బెల్టు తగిలించే కొమ్ముల అంచులు పదునుగా ఉన్నాయో గుండ్రమయ్యాయో చూడు. వెనక 750 అంకె, పక్కన స్విస్ ముద్ర ఉండాలి. 1995కు ముందు 18 క్యారెట్లకు స్త్రీ తల ముద్ర వేసేవారు, ఆ తర్వాత సెయింట్ బెర్నార్డ్ కుక్క తల. డెబ్బైల వాచీ అని చెప్పి కుక్క తల చూపిస్తే అడగాల్సింది అడుగు.

లాభం కోసమైతే కొనకు. స్టీలు సబ్‌మెరీనర్ కంటే బంగారు సెల్లినీ చవకగా అమ్ముడైన రోజులు చాలా చూశాం. అయిదారు కొని బీరువాలో పెట్టుకోవడం నాకు నచ్చదు. మంచిది ఒకటి తీసుకుని పెట్టుకో. పొద్దున ఒకే వేళకు నిదానంగా కీ ఇవ్వు, బిగుసుకోగానే ఆపు. ఇది ఆయిస్టర్ కాదు, చెమటకూ నీళ్ళకూ ఓర్వదు. ఝరాసంగంలో కేతకి సంగమేశ్వరుని గుండంలో దిగేటప్పుడు తీసి మీ అమ్మ చేతికివ్వు.

ఫొటోలో ముందువైపు ఒక్కటే ఉంది. వెనక మూత, కొమ్ముల అడుగు, మూత తీసిన మిషను, ఈ మూడింటి ఫొటోలు తెప్పించి నాకు పంపు. అవి చూసేదాకా అడ్వాన్సు పంపకు. ఆదివారం కొట్టు పొద్దున్నే తీస్తాను, ఫోన్ చెయ్యి.

మీ మామ