రాయి ఓర్చును, కాని మరువదు

కోవిల్‌పట్టికి సుమారు 20 కిలోమీటర్ల దూరమున కళుగుమలై కలదు. విహారయాత్రకు వెళ్లినపుడు మన బాలురిద్దరు అచ్చటి శిల్పముల ప్రక్క బండపై నెగబ్రాకుట చూచి గద్దించితిమి. మరునాడు ఒక తండ్రిగారు, “అయ్యా, రాయి గదా! పిల్లవాని కాలికి అరుగునా?” అని అడిగిరి. మేము గద్దించితిమేగాని కారణము చెప్పలేదు. ఆ లోపము తీర్చుటకే ఈ పాఠము.

రాళ్లన్నియు నొకటి కావు. కళుగుమలై రాయి గ్రానైటు జాతిది. దాని స్ఫటికములు ఒకదానితోనొకటి పెనగొని యుండును. ఇసుకరాయి అట్టిది కాదు. మన కోవిల్‌పట్టి వేరుసెనగ మిఠాయిని తలచుకొనుడు. పప్పులను బెల్లపుపాకము పట్టియుంచినట్లు, ఇసుక రేణువులను బంకమన్నో, సున్నమో, ఇనుపతుప్పో, సిలికయో పట్టియుంచును. మిఠాయికి చెమ్మ తగిలిన పాకము సడలి పప్పులు విడిపోవును. అటులనే వాన తడిసిన ఇసుకరాతికి బలము తగ్గును. పైపొర ఎండినట్లు కనబడినను లోపల తడి నిలిచియుండవచ్చును. అప్పుడు చేయి పట్టిన అంచు విరిగిన, ఎక్కువాడు పడును. ఆ అంచు మరల మొలవదు.

త్రాడు లేకుండ, క్రింద పరుపులు పరచుకొని, కొద్ది ఎత్తు బండలనెక్కు ఆట నేడు లోకమంతట కలదు. ఫ్రాన్సులోని ఫాంటెన్‌బ్లో ఇసుకరాతి బండలు దానికి పేరుపొందినవి. జర్మనీలోని సాక్సనీ కొండలలో తడిసిన ఇసుకరాతిని ఎక్కుట నిషిద్ధము. అచ్చట త్రాటి ఆధారమునకు లోహపు చీలలను పగుళ్లలో దూర్చరు, గుడ్డముడులు వాడుదురు. మన దేశమున కర్ణాటకలోని బాదామి ఎఱ్ఱని ఇసుకరాతి కొండలకును ఆరోహకులు వత్తురు. ఆ కొండలోనే చాళుక్యుల గుహాలయములు కలవు. మూడవ గుహ శాసనము క్రీ.శ. 578 నాటిది.

అయిన, గట్టిరాతికి భయము లేదా? కలదు. కళుగుమలై వెట్టువాన్ కోయిల్‌ను పాండ్యుల కాలమున, 8వ శతాబ్దమున, ఒకే బండను పైనుండి క్రిందికి చెక్కిరి; పని ముగియకయే నిలిచిపోయినది. ప్రక్కనే జైన తీర్థంకరుల బొమ్మలు కలవు. ఒక్క పాదము వానిని అరుగదీయదు. వేయి పాదములు అరుగదీయును. మేకుతో గీసిన పేరు ఒక్క నిమిషపు పనియే, కాని చెరుపుటకు వీలుపడదు.

కావున తలిదండ్రులకు మా మనవి. పిల్లలను కొండలకు దూరము చేయవలదు. శిల్పమున్న రాతిని తాకరాదనియు, తడిసిన ఇసుకరాతిని ఎక్కరాదనియు, పెద్దలు లేక ఏ బండయు ఎక్కరాదనియు చెప్పుడు. చెప్పునపుడు కారణము కూడ చెప్పుడు. గద్దింపు ఆ పూటకే నిలుచును. కారణము తెలిసిన పిల్లవాడు మనము లేనిచోటను ఆగును.